సెట్టింగులు ముడితే తప్పేంటి?

కొండగట్టు స్టేజీ దగ్గర బస్సు దిగి నాచుపల్లి జేఎన్టీయూ కాలేజీకి పోయే పిల్లల్ని చూసినప్పుడల్లా నా మొదటి ఇంటర్వ్యూ గుర్తొస్తుంది. ఆన్‌లైన్‌ ఇంటర్వ్యూ, చిన్న ల్యాప్‌టాప్. ప్రశ్న ఒక విండోలో, నేను రాయాల్సిన కోడ్ ఇంకో విండోలో. ఒకటి చిన్నది చేసి, రెండోది వెతికి, మళ్లీ మొదటిది తెరిచి... చివరికి కంగారులో కోడ్ ఉన్నదే మూసేశాను. ప్రోగ్రామ్ రాక కాదు, మౌస్ పట్టుకుని తిరగడంలోనే టైమ్ అయిపోయింది. ఉద్యోగం రాలేదు.

విండోస్ కీ పట్టుకుని ఎడమ బాణం నొక్కితే ఒకటి సగం స్క్రీన్‌కి, కుడి బాణం నొక్కితే రెండోది మిగతా సగానికి సర్దుకుంటాయి. 2009లో విండోస్ 7తో వచ్చిన సౌకర్యం ఇది. నాకు నాలుగేళ్ల బీటెక్‌లో ఎవరూ చెప్పలేదు.

చిన్న విషయమే కదా అంటారు. ఇంట్లో చిన్నప్పటి నుంచి కంప్యూటర్ ఉన్నవాళ్లకు చిన్నదే, అన్ననో నాన్ననో చూసి వచ్చేస్తుంది. ఇంజినీరింగ్ ల్యాబ్‌లో మొదటిసారి మౌస్ పట్టినవాడికి ఎవరు చూపిస్తారు? సీ, జావా చెప్తాం గానీ, పది విండోల మధ్య పని ఎలా చేసుకోవాలో సిలబస్‌లో ఉండదు.

షార్ట్‌కట్లు బట్టీ పట్టమని అనట్లేదు. ఆల్ట్-ట్యాబ్, విండోస్-వి (ఇటీవల కాపీ చేసినవి వరుసగా చూపిస్తుంది, ముందు ఆన్ చేసుకోవాలి), తెలుగు-ఇంగ్లిష్ మార్చడానికి విండోస్-స్పేస్. వారానికి ఒక్కటి అలవాటైనా చాలు. అవి చేతికొచ్చాక మార్చుకోవడం మొదలుపెట్టండి. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లో స్క్రీన్‌ను మనకు నచ్చిన గడులుగా విభజించుకోవచ్చు, పనికిరాని క్యాప్స్‌లాక్‌ను కంట్రోల్ కీగా మార్చుకోవచ్చు. లినక్స్ వాడేవాళ్లకు ఐ3 ఉంది. అందులో విండోలు ఒకదాని మీద ఒకటి పడకుండా పక్కపక్కనే సర్దుకుంటాయి. సెట్టింగులన్నీ ఒక టెక్స్ట్ ఫైల్‌లో ఉంటాయి కాబట్టి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంకో లినక్స్ సిస్టమ్‌కి తీసుకుపోవచ్చు.

ఇందులో పిచ్చి కూడా ఉంది. రంగులు, ఫాంట్లు మార్చుకుంటూ తెల్లారగట్టిన రాత్రులు నాకూ ఉన్నాయి, వాటితో ఏ ఉద్యోగమూ రాలేదు. ఇంకోమాట, గేట్ రాసేవాళ్లు మౌస్‌ను మరిచిపోవద్దు. ఆ పరీక్షలో కీబోర్డే పనిచేయదు.

కాలేజీలను అడిగేది ఒకటే. మొదటి సంవత్సరంలో రెండు ల్యాబ్ క్లాసులు దీనికివ్వండి, 'సెట్టింగులు ముట్టరాదు' అనే కాగితం గోడ మీది నుంచి తీసేయండి. సిస్టమ్‌లు పాడైతే ఎట్లా అంటారా? ఒక్కో విద్యార్థికి అడ్మిన్ హక్కులు లేని ఒక్కో లాగిన్ ఇవ్వండి. అప్పుడు పాడైతే వాడి డెస్క్‌టాపే పాడవుతుంది, పక్కవాడిది కాదు.