ఖాళీ తూటా లెక్క ఎవరు అడగాలి?

1857లో సిపాయిల ఆగ్రహానికి నిప్పు రాజేసింది ఎన్‌ఫీల్డ్ రైఫిల్ కాదు, దాని తూటా. ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న అనుమానంతో దానిని పంటితో కొరకడానికి వారు నిరాకరించారు. తూటా ఎలా తయారవుతుందన్నది రాజకీయ ప్రశ్నేనని ఈ దేశానికి ఎవరూ కొత్తగా బోధించనక్కరలేదు. అయినా నేటి ఆయుధ చర్చ యావత్తూ తుపాకి చుట్టూనే తిరుగుతోంది. తూటా ఊసే లేదు.

అమెరికా పౌరుడికున్న తుపాకి స్వేచ్ఛ మనకెందుకు లేదని అడిగేవారు మన మధ్య ఉన్నారు. ఆ స్వేచ్ఛకు ప్రతీకగా వారు చూపేది లీవర్ యాక్షన్ రైఫిల్. 1894 నాటి వించెస్టర్ వంటి రైఫిళ్లలో తూటాలు గొట్టంలో ఒకదాని వెనుక ఒకటి వరుసగా ఉంటాయి. వెనుక తూటా మొన ముందు తూటా ప్రైమర్‌కు ఆనుతుంది. మొన సూదిగా ఉంటే, పేలినప్పటి కుదుపుకు గొట్టంలోనే మరో తూటా పేలవచ్చు. అందుకే వాటికి చదును ముక్కు గుండ్లో, మెత్తని పాలిమర్ మొన ఉన్నవో ఎంచుకుంటారు. కాల్చాక మిగిలిన ఇత్తడి తొడుగులో కొత్త ప్రైమర్, తూచిన మందు, మరో గుండు అమర్చితే తూటా మళ్లీ సిద్ధం. సొంత వాడకానికి ఈ పని ఇంట్లో చేసుకోవడానికి అక్కడి కేంద్ర చట్టం లైసెన్సు అడగదు. మామూలు తూటాల అమ్మకాన్ని పుస్తకంలో నమోదు చేయాలన్న నిబంధనను 1986లోనే ఎత్తివేసింది.

అంటే ఖాళీ తొడుగు చెత్త కాదు, సగం తూటా. ఈ సత్యాన్ని మన 1959 ఆయుధ చట్టం గుర్తించింది. తూటా భాగాలను, వాటిని తయారుచేసే యంత్రాలను కూడా మందుగుండు నిర్వచనంలో చేర్చింది. లైసెన్సు లేకుండా తయారుచేస్తే, 2019 సవరణ తరువాత, ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా శిక్ష. కాగితం మీద ఇంతకన్నా కఠినం ఏముంటుంది?

ఇక పెళ్లి పందిరిలోకి రండి. ఉత్తరాదిన వరుడి ఊరేగింపులో తుపాకులు గాలిలోకి పేలుతూనే ఉన్నాయి, ఆ గుండ్లకు అతిథులు, పిల్లలు బలవుతూనే ఉన్నారు. అదే సవరణ ఇతరుల ప్రాణానికి ముప్పు తెచ్చే ఇలాంటి వేడుక కాల్పులకు రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పెట్టింది. అయితే శిక్ష ప్రమాదం జరిగాక వచ్చేది. లెక్క ముందే ఆపగలిగేది. ఆత్మరక్షణ కోసమని కొన్న తూటాను బాజాల మధ్య ఆకాశంలోకి కాల్చినవాడు తనకు ఆ తూటా అవసరం లేదని స్వయంగా వాంగ్మూలం ఇచ్చినట్టే. మరుసటి నెల అతనికి కొత్త పెట్టె అమ్మేముందు పాత తొడుగులు ఏవని అడగని వ్యవస్థకు యావజ్జీవ శిక్షల గురించి మాట్లాడే నైతిక హక్కు లేదు.

ఆయుధ నియంత్రణే వలస వారసత్వమన్న వాదన ఒకటుంది. అందులో సగమే నిజం. లిట్టన్ కాలపు 1878 చట్టం భారతీయుడిని లైసెన్సు అడిగి యూరోపియన్‌ను వదిలేసింది. అందులోని అన్యాయం వివక్షలో ఉంది, లెక్క అడగడంలో లేదు. స్వతంత్ర దేశంలో అందరినీ సమానంగా లెక్క అడగడమే ఆ వివక్షకు సరైన జవాబు.

క్రీడాకారుల ఫిర్యాదు వేరు, అది న్యాయమైనది. సాధన చేయకుండా పతకాలు రావు, సాధనకు తూటాలు కావాలి. రైఫిల్ క్లబ్బుల్లో లైసెన్సు ఉన్న గదిలో, తూచిన మందుకూ వాడిన తొడుగుకూ రోజువారీ పద్దు రాస్తూ, తూటాలు తిరిగి నింపుకొనే వీలు ప్రభుత్వం కల్పించాలి. తక్కిన లైసెన్సుదారుల విషయంలో సూత్రం ఒక్కటే: ఖాళీ తొడుగు అప్పగిస్తేనే కొత్త తూటా, అప్పగించలేకపోతే లిఖితపూర్వక కారణం, పెళ్లిలో పేలిస్తే లైసెన్సు రద్దు.

తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించి పార్లమెంటు చేతులు దులుపుకుంది. ప్రాణం తీయడానికి ఒక్క తుపాకి, ఒక్క తూటా చాలు. లెక్కించవలసింది ఆ తూటానే.