పళ్లు చెప్పే లెక్క

తెలంగాణలో ఇంటింటికీ తాగునీరందించే మిషన్ భగీరథ పథకానికి హైదరాబాద్ ఎర్రమంజిల్‌లో ఉన్న ప్రధాన కార్యాలయంలో పైపులైన్లకూ ట్యాంకులకూ నల్లాలకూ లెక్కలున్నాయి. ఆ నీళ్లు తాగినవాళ్ల ఆరోగ్యం ఎంత మెరుగుపడిందన్న ప్రశ్నకు ఇంజినీర్ల లెక్కల్లో జవాబు దొరకదు. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో పథకం ప్రారంభమైంది. రాష్ట్రంలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు 967 నుంచి 2020 ఆగస్టుకల్లా సున్నాకు చేరాయని కేంద్ర జలశక్తి శాఖ లెక్క. అది నీటి లెక్క. మనిషి లెక్క వేరు.

నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందో లేదో సీసాడు నీళ్లతో తేలిపోతుంది. ఫ్లోరోసిస్‌తో వంగిపోయిన ఎముక మాత్రం మంచినీళ్లు తాగినా మళ్లీ నిటారు కాదు. ఫ్లోరైడ్ పీడిత నల్లగొండ జిల్లా మర్రిగూడలో పెద్దవాళ్లనే పరీక్షిస్తే పథకం దండగ అనిపించవచ్చు. పోనీ, అప్పటి పిల్లలను ఇప్పటి పిల్లలతో పోల్చితే? భగీరథకు ముందే కొన్ని ఊళ్లకు కృష్ణా నీళ్లొచ్చాయి, ప్లాంటు నీళ్ల క్యాన్లు వచ్చాయి, తిండీ మారింది. మెరుగుదలలో దేని వాటా ఎంతో ‘అప్పుడు, ఇప్పుడు’ పోలిక తేల్చలేదు. అదే కాలంలో మరోచోట ఏం జరిగిందో కూడా చూడాలి.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఆ పని చేసి చూపింది. 1987–90 మధ్య హైదరాబాద్‌కు చేరువలోని 29 ఊళ్లను తీసుకుంది. సమగ్ర శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్) ఉన్న 15 ఊళ్లలో గర్భిణులకూ పిల్లలకూ అదనపు ఆహారం అందింది. పథకం ఇంకా రాని 14 ఊళ్లు పోలికకు నిలిచాయి. ఆ పిల్లలను 13–18 ఏళ్ల వయసులో మళ్లీ కొలిస్తే, ఆహారం అందిన ఊళ్లవాళ్లు మిగతావాళ్లకంటే సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు. వాళ్ల రక్తనాళాల్లో బిరుసూ తక్కువే. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ దీన్ని ప్రచురించింది. అయితే ఊళ్లను చీటీలు తీసి ఎంచలేదు కాబట్టి, ఈ తేడాలో ఆహారానిదెంత, ఊళ్ల మధ్య ముందునుంచీ ఉన్న వ్యత్యాసానిదెంత అన్న సందేహం కొంత మిగిలే ఉంది.

ఆ సందేహాన్ని తొలగించే అవకాశం ప్రతి పెద్ద పథకంలోనూ ఉంటుంది. ఉదాహరణకు, పేదలకు ఉచిత వైద్యమందించే ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై, విడతలవారీగా 2008 జులైకి అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతా విస్తరించింది. అందరికీ ఒకేరోజు ఇవ్వలేనప్పుడు ఎవరో ఒకరు ముందు, ఇంకొకరు వెనక తప్పదు. అవసరం సమానంగా ఉన్న మండలాల మధ్య ఆ వరుసను చీటీలతో నిర్ణయిస్తే పైరవీలకు తావుండదు. వంతు రాని మండలమే పోలికకు పనికొస్తుంది. మొదటి విడతకు ముందే కొలతలు తీసుకోవడమొక్కటే అదనపు శ్రమ.

భగీరథకు ఆ అదను దాటిపోయింది. అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. శాశ్వత ముందరి పళ్ల పింగాణీ పొర చాలావరకు తొలి మూడు నాలుగేళ్లలోనే ఏర్పడుతుంది; అప్పుడు తాగిన నీళ్లలోని ఫ్లోరైడ్ ఎక్కువైతే ఆ పొరపై మచ్చలుగా మిగులుతుంది. ఆ పళ్లు ఆరేడేళ్ల నుంచి బయటికొస్తాయి. నల్లా రాకముందు పుట్టిన అన్న పళ్లనూ, వచ్చాక పుట్టిన తమ్ముడి పళ్లనూ మర్రిగూడ బడుల్లో పరీక్షించాలి. ఫ్లోరైడ్ బాధ లేని మండలంలోనూ అలాగే చూడాలి. రెండుచోట్లా కనిపించే తేడాల మధ్య తేడాయే భగీరథ వాటాకు దగ్గరి అంచనా. ఆ లెక్క కూడా ఎర్రమంజిల్‌కు చేరాలి.