మోరీ కింద నీళ్లెంతో తాత రాశాడు

కేసముద్రంలో మా తాత గ్యాంగ్‌మన్‌గా చేరేనాటికి అది నిజాం స్టేట్ రైల్వే. ఆయన రాసుకున్న నోటుపుస్తకం ఒకటి నా దగ్గరుంది. "షెహ్రెవర్ 1350. మోరీ. 3 బె. త." పేజీల నిండా ఇలాంటి పొట్టి వరుసలే. ఇంట్లో అందరూ అప్పుల లెక్క అనుకున్నారు. సాంఘికశాస్త్రం చెప్పే టీచరును కాబట్టి నాకు తేదీ మటుకు అందింది. 1350 అంటే ఫసలీ. హైదరాబాద్ సంస్థానంలో సర్కారు ఏడాది అక్టోబరులో, ఆజూర్ నెలతో మొదలయ్యేది. షెహ్రెవర్ మన జులై. 591 కలిపితే 1941.

మిగతాది చదివిపెట్టింది తాత చేతి కింద పని నేర్చుకుని, మేటుగా రిటైరైన మా వాడకట్టు కాక. వరుస మీద వేలు పెట్టి, "అప్పులు కావు బిడ్డా, నీళ్లు" అన్నాడు. రైలు కట్ట కింది మోరీ పై రాతికి మూడు బెత్తెలు తక్కువగా నీళ్లు పారుతున్నాయని దానర్థం. ఇంకోచోట "జా. త." అంటే జానెడు తక్కువ. "చె. అలుగు, తె. జా." అంటే తెల్లవారుజామున చెరువు అలుగు దూకిందని.

ఒక వరుసలో "రాయి అందింది" అని ఉంది, పక్కన "ఎర్ర. 1. 3." ఇది చూసి కాక కాసేపు మాట్లాడలేదు. నీళ్లు రాతిని తాకాయి, ఎర్రదీపం చూపారు, పట్టాలకు పటాకాలు బిగించారు. ఇప్పటి నిబంధన ప్రకారం ప్రమాదమున్న చోటికి 600 మీటర్ల దూరంలో ఒకటి, 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంతో మూడు పెట్టాలి. చక్రం కింద అవి పేలగానే డ్రైవరు బండి ఆపుతాడు. ఆ రాత్రి సంగతి తాత ఇంట్లో ఏనాడూ చెప్పలేదు.

ఈ పుస్తకం మా పెట్టెలో ఉండాల్సింది కాదని నా గట్టి నమ్మకం. 2024 సెప్టెంబరు 1న ఇంటికన్నె, కేసముద్రం మధ్య వరద కట్టను కోసేసింది. కంకర కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. వందలమంది రాత్రింబవళ్లు పనిచేస్తే 4వ తేదీన బండ్లు మెల్లగా కదిలాయి. ఈ దారి బెజవాడ చేరింది 1889లో. అప్పటినుంచీ ప్రతి వానాకాలం ఎవరో ఒకరు లాంతరు పట్టుకుని ఈ కట్ట మీద నడుస్తూనే ఉన్నారు. వంతెనల గోడల మీద గరిష్ఠ వరద మట్టం గీత గీసే ఆనవాయితీ రైల్వేకు ఉంది. ఆ గీత అన్నిటికన్నా పెద్ద వరదదే. ఏ చెరువు అలుగు పారితే ఎంతసేపటికి నీళ్లు కట్టను తాకుతాయో, ఏ చిన్న మోరీ ముందు నిండుతుందో ఆ గీత చెప్పదు. నడిచినవాళ్లకు తెలుసు. వాళ్లలో రాసి పెట్టుకున్నది మా తాత ఒక్కడే అయి ఉండడు.

చిక్కు చోటు దగ్గర వస్తుంది. తాత రాసింది మైలు, తంతి స్తంభం నంబరు. ఇప్పుడున్నవి కిలోమీటర్లు, కరెంటు స్తంభాల నంబర్లు. ఈ రెండింటినీ కలపాలంటే పాత లైను పటాలు కావాలి. ఈ లైను 1951లో సెంట్రల్ రైల్వేకు, 1966లో దక్షిణ మధ్య రైల్వేకు వెళ్లింది. ఆ పటాలు వెతికించే పని రైల్వేనే చేయాలి, నాలాంటి టీచరుతో అయ్యేది కాదు. పక్కన మూడో లైను పడుతున్న ఈ రోజుల్లో, మోరీల వెడల్పు తేల్చేవాళ్ల ముందు ఈ లెక్కలు లేకపోవడం నాకు బాధగా ఉంది.

రిటైరైనవాళ్ల కోసం రైల్వే పింఛను అదాలత్‌లు పెడుతుంది. అక్కడే ఒక బల్ల వేసి, ఇలాంటి పుస్తకాలకు ఫొటోలు తీసుకుని, అసలు ప్రతిని ఇంటివాళ్లకే తిరిగి ఇచ్చేయవచ్చు. నెక్కొండలో, మానుకోటలో, గార్లలో, డోర్నకల్‌లో రైల్వే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పొట్టి అక్షరాలు విప్పడానికి పాత మేట్లను పక్కన కూర్చోబెట్టాలి, వాళ్లకు ఆ రోజు కూలీ కూడా ఇవ్వాలి. కాకకు చూపు మందగించింది గానీ వరుస చదివి వినిపిస్తే చాలు, ఏ మోరీయో చెబుతాడు. పుస్తకం ఇంకా సగం మిగిలే ఉంది. వానలు పడకముందే ఒక ఇంజినీరు వస్తే, మేమిద్దరం కట్ట వెంట నడవడానికి సిద్ధం.