గుంటలకు దశాంశపు చుక్క తగదు

ఇప్పుడు ఉన్నత పాఠశాలలలో బాలబాలికలకు కంప్యూటరు నేర్పుచున్నారు. అందులో స్ప్రెడ్‌షీటు అను గడుల పట్టిక మిక్కిలి యుపయోగకరమైనది. గజములను మీటరులుగను, పౌనులను కిలోగ్రాములుగను క్షణములో మార్చి చూపును. ఇట్టి యంత్రముండగా కొలతల ఎక్కములు వల్లించుట యేల యని కొందరు తలిదండ్రులు ప్రశ్నించుచున్నారు. ప్రశ్న న్యాయమైనదే. అయినను మా యభిప్రాయము వేరు. యంత్రమునకు అంకె తెలియునుగాని ఆ అంకె యే కొలతకు సంబంధించినదో మనము చెప్పినగాని తెలియదు.

పోచంపల్లి పేరు విన్నంతనే భూమియు, నేతయు జ్ఞప్తికి వచ్చును. ఆ రెండింటినుండియే నిదర్శనములు చూపెదము.

1951 ఏప్రిల్ 18వ తేదిన వినోబా భావేగారు ఆ గ్రామమునకు విచ్చేసినపుడు దళితవాడలోని నలుబది కుటుంబములవారు తరి 40, ఖుష్కి 40, వెరసి 80 ఎకరములు కావలెనని కోరిరి. వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరము లిచ్చెదమని ముందుకు వచ్చిరి. భూదానోద్యమ మట్లు పుట్టినది. ఎనుబది ఎకరములను నలుబది ఇండ్లకు పంచిన ఇంటికి రెండేసి ఎకరములు. అంత కొంచెపు భూమిగలవానికి పది గుంటల తేడా యెంతటిదో వేరుగ చెప్పనేల?

మన ప్రాంతపు పట్టాదారు పాసుపుస్తకములలో నేటికిని భూమి ఎకరములలోను గుంటలలోను వ్రాయబడుచున్నది. ఎకరమునకు 40 గుంటలు; గుంటకు 121 చదరపు గజములు. రెండెకరముల ఇరువది గుంటలను 2.20 అని వ్రాయుట వాడుక. కాగితముమీద చదువువాడు మనుష్యుడు గనుక చిక్కు లేదు. ఆ అంకెనే గడిలో వ్రాసినచో యంత్రము దానిని దశాంశపు చుక్కగా నెంచి, చివరి సున్నను తుడిచి, 2.2 అని చూపును. చూచినవాడు రెండెకరముల రెండు గుంటలని చదివెనా, 18 గుంటలు మాయము! చదువక హెక్టారులలోనికి మార్చుమనెనా, 1.01 రావలసినచోట 0.89 వచ్చును. అనగా 12 గుంటలు, 1,452 చదరపు గజములు, లెక్కలో పోయినట్లే. యంత్రము తప్పు చేయలేదు. అడిగినదానికి సరిగనే బదులు చెప్పినది.

కూడికయు నట్లే. 1.30, 1.30 కూడుమనిన 2.60 అనును. సరియైన మొత్తము 3 ఎకరముల 20 గుంటలు. పోనీ, చుక్క మాని అడ్డగీతతో 2-10 అని వ్రాసితిమా, మన దేశపు తేదీల పద్ధతికి అమర్చిన యంత్రము దానిని అక్టోబరు రెండవ తేదిగా మార్చివేయును. భూమి కొలత యడిగినవానికి గాంధీ జయంతి దొరకును!

కావున ఎకరములకొక నిలువు వరుస, గుంటలకొక నిలువు వరుస ఉంచవలెను. గుంటలను 40చే భాగించి ఎకరములకు కలిపి, ఆ మొత్తమును 0.404686చే గుణించిన హెక్టారులు వచ్చును. స్ప్రెడ్‌షీటులో 'కన్వర్ట్' అను సిద్ధసూత్రము కలదు. దానికి ఎకరము తెలియును, హెక్టారు తెలియును, గుంట తెలియదు. తెలియని కొలతను తెలియదని చెప్పుట దాని సద్గుణము. మెట్రిక్ కొలతలు 1956 నాటి శాసనముచే వచ్చినవి గదా, గుంటలు మానరాదా యని కొందరందురు. తన తండ్రి పాసుపుస్తకమును చదువలేని బాలునకు హెక్టారు మాత్రము నేర్పి యేమి ప్రయోజనము?

ఇక నేత. నూలునకు నంబరు కలదు: 840 గజముల చిలపలు ఒక పౌనుకు ఎన్ని తూగునో అదియే నంబరు. పట్టునకు డెనియరు: 9,000 మీటరుల దారము ఎన్ని గ్రాములు తూగునో అది. నంబరు పెరిగినకొలది నూలు సన్నగిల్లును. డెనియరు పెరిగినకొలది పట్టు లావగును. ఒకదానిని మరియొకదానిగా మార్చుటకు గుణకారము పనికిరాదు. 5,315ను నంబరుచే భాగింపవలెను. 80 నంబరు నూలు సుమారు 66 డెనియరు. ఇది యెరుగని బాలుడు 80 నంబరు నూలు 40 నంబరుకంటె రెట్టింపు లావని నిశ్చయముగా చెప్పును. సూత్రమును తలక్రిందుగా వ్రాసినను అతనికి అనుమానము కలుగదు.

బాలురే కాదు, పండితులును చిక్కుకొనిరి. 1999లో అమెరికావారు అంగారక గ్రహమునకు పంపిన నౌక యొకటి నశించెను. ఒక బృందము పౌనుల లెక్కలో నిచ్చిన బలమును వేరొక బృందము న్యూటనులని తలచుటయే కారణము.

విద్యార్థులారా, ఇంటి పాసుపుస్తకమును పెద్దల యనుమతితో చూచి, అందలి భూమిని ముందు చేతితో, పిదప యంత్రముతో హెక్టారులలోనికి మార్చి, రెండును సరిపోల్చుడు. ఎకరములకు, గుంటలకు ప్రక్కన నేల రకమునకు మూడవ వరుస యుంచుడు. ఆనాడు పోచంపల్లిలో అడిగినవారు తరి వేరుగ, ఖుష్కి వేరుగ చెప్పిరి. ఖుష్కి ఎకరమును తరి ఎకరముగా మార్చు సూత్రము 'కన్వర్ట్'లో లేదు. కనుక ఆ రెండింటి మొత్తములను వేరువేరుగనే చూపుడు.