బతికుంటే లెక్కలోకి రారా?

చిరాగ్‌పల్లి దాటితే ముంబై రోడ్డు మీద కర్ణాటక మొదలవుతుంది. రోడ్డు పక్కన లారీలు ఆగుతాయి, చాయ్ దుకాణాల దగ్గర మాటలు సాగుతాయి. ఆ మాటల్లో ఒకటి వింటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. "ఏదో చేసే ఉంటడు తియ్. ఊకెనే కొడ్తరా పోలీసోళ్లు?"

పోలీసులు కొట్టిన మెదక్ కూలీ ఒకాయన హైదరాబాద్ గాంధీ ఆస్పత్రిలో చనిపోయాడని పేపర్లో చదివిన రోజునా ఇదే మాట. జిల్లాలు విడదీసిన 2016 అక్టోబరు దాకా మాదీ మెదక్ జిల్లానే. చచ్చిపోయినవాడు పరాయివాడేమీ కాదు, మా జిల్లావాడే.

ఆయనకు 35 ఏళ్లు. గొలుసు దొంగతనం కేసులో సీసీ కెమెరాకు చిక్కినవాడి పోలికలున్నాయని 2023 జనవరి 29న హైదరాబాద్‌లో పట్టుకుని మెదక్ తీసుకుపోయారు. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని రాజ్యాంగం చెబుతుంది. ఈయన్ను రోజుల తరబడి ఉంచుకుని, దొంగ నువ్వు కాదులే అని వదిలేశారు. పొరపాటున వేరేవాడి చెప్పులు తొడుక్కెళ్లి తిరిగిచ్చినంత తేలిగ్గా! ఫిబ్రవరి 16 అర్ధరాత్రి దాటేసరికి ప్రాణం పోయింది.

బయటికొచ్చిన రోజుకూ పోయిన రోజుకూ మధ్య దాదాపు రెండు వారాలున్నాయి. నా కోపమంతా ఆ రెండు వారాల మీదే. అప్పటికి మనిషి బతికే ఉన్నాడు. తనను ఎలా కట్టేశారో, ఎలా కొట్టారో ఆస్పత్రి మంచం మీద నుంచే చెప్పుకున్నాడు, దాన్ని వీడియో తీశారు. హైకోర్టు తనంతట తానుగా కేసు చేపట్టడం, పోలీసుల మీద సస్పెన్షన్ వేటు, నాయకుల పరామర్శలు అన్నీ ఆయన శవమయ్యాకే. ఊపిరి ఉన్నంతకాలం ఆయన ఒక రోగి, అంతే. మన దగ్గర ఫైలు కదలాలంటే పాడె లేవాలి.

మరి మానవ హక్కుల కమిషన్ లేదా అంటారేమో. బోర్డు ఉంది. చైర్మన్ పదవీకాలం 2022 డిసెంబరులో ముగిసింది, మళ్లీ చైర్మన్ వచ్చింది 2025 ఏప్రిల్‌లో. మెదక్ మనిషి దెబ్బలు తిన్నదీ పోయిందీ ఆ కుర్చీ ఖాళీగా ఉన్న కాలంలోనే. రెండేళ్లకు పైగా ఒక రాష్ట్రంలో హక్కుల కమిషన్‌కు చైర్మన్ లేకపోతే రోడ్డెక్కినవాళ్లెంతమంది? యూరియా బస్తా దొరక్కపోతే మా దగ్గర రాస్తారోకో చేస్తారు. చేయాల్సిందే, కాదనను. దీనికి మాత్రం ఒక్క బండీ ఆగలేదు.

బతికి బయటపడ్డవాళ్ల సంగతి ఇంకా అన్యాయం. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలాక హైదరాబాద్ పాతబస్తీ కుర్రాళ్లను పదుల సంఖ్యలో ఎత్తుకుపోయారు. వాళ్లకు జరిగిన చిత్రహింసలను న్యాయవాది రవిచందర్ మైనారిటీ కమిషన్ కోసం నమోదు చేశారు. కేసులు కోర్టులో నిలబడలేదు. చివరికి ప్రభుత్వం 20 మందికి 3 లక్షల చొప్పున, మరో 50 మందికి 20 వేల చొప్పున పరిహారం ప్రకటించి, మీరు మంచివాళ్లేనంటూ పత్రాలు కూడా చేతిలో పెట్టింది. మొత్తం 70 లక్షలు. 2013 సెప్టెంబరులో హైకోర్టు ఆ పరిహారం జీవోనే కొట్టేసింది. నిర్దోషిగా తేలినంత మాత్రాన పరిహారం రాదంది. ఒంటి మీది వాతలు ఏ జీవో కింద కొట్టేస్తారు?

అదే 2007, ఆగస్టు 20. విశాఖ మన్యంలోని వాకపల్లిలో 11 మంది ఆదివాసీ మహిళలు గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని చెప్పారు. దాదాపు పదహారేళ్లు తిరిగాక 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసులను నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు సరిగా చేయలేదని అధికారులను తప్పుపట్టింది. బాధితులకు పరిహారం ఇవ్వమని కూడా చెప్పింది. ఏమీ జరగకపోతే పరిహారం దేనికి? జరిగితే, చేసిందెవరు?

చిత్రహింసలకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి చేసిన ఒడంబడిక మీద మన దేశం 1997లో సంతకం పెట్టింది. బాధితుడికి పరిహారమే కాదు, మళ్లీ మనిషిగా నిలదొక్కుకునే సాయమూ అందాలని అందులో ఉంది. నేపాల్, శ్రీలంక, బంగ్లాదేశ్, చివరికి పాకిస్తాన్ కూడా దాన్ని ఆమోదించాయి. మనం ఇప్పటికీ సంతకం దగ్గరే ఆగాం. 2010లో లోక్‌సభ బిల్లు పాస్ చేస్తే రాజ్యసభలో మూలనపడి మురిగిపోయింది. 2017లో లా కమిషన్ మరో ముసాయిదా రాసిచ్చింది. అదీ అటకెక్కింది.

అంతా ఢిల్లీ తప్పే అని చేతులు దులుపుకోలేం. 'జై భీమ్' సినిమా చూసి ఇంటింటా కళ్లు తుడుచుకున్నాం. పదహారు నెలలు తిరగకుండానే మెదక్ వార్త వస్తే పేజీ తిప్పేశాం. తెర మీద లాకప్ చూస్తే ఏడుపొస్తుంది, పక్క ఊళ్లో లాకప్ అయితే "ఏదో చేసే ఉంటడు".

చేతులు లేవడం లేదని ఆ మెదక్ మనిషి చెప్పుకున్నాడు. కూలి పని చేసేవాడు. ఒకవేళ బతికి ఇంటికి చేరి ఉంటే, ఆ చేతులతో ఏ అడ్డా మీద నిలబడేవాడు? ఏ ఆఫీసులో దరఖాస్తు మీద వేలిముద్ర వేసేవాడు? దాన్ని తీసుకోవడానికి ఆ రోజున హక్కుల కమిషన్‌లో చైర్మనే లేడు.