అమ్మనడిగి పెట్టారా?

మధ్యాహ్నం పన్నెండున్నర. హాల్లో చాప పరుచుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది ఆ ఇంటి పెద్దావిడ. ఇంట్లో ఇంకెవరూ లేరు. ఉన్నట్టుండి గోడ మీంచి ఓ గొంతు!

‘అమ్మా, గోలీలు ఏసుకున్నవా?’

చేతిలో కాయలు కాస్తా చాప మీద పడ్డాయి. ఉలిక్కిపడి పైకి చూసింది. అప్పుడు గుర్తొచ్చి తనలో తనే నవ్వుకుంది. కొడుకు! హైదరాబాద్‌లో ఆఫీసులో కూర్చుని, భోజనానికి లేవబోతూ సెల్‌ఫోన్ తీసి అమ్మను చూశాడు.

ఇది నారాయణఖేడ్‌లో ఓ ఇల్లు అనుకుందాం. ఎవరిదన్నది ముఖ్యం కాదు. పిల్లలు పట్నంలోనో దుబాయిలోనో ఉండి, పెద్దవాళ్లు ఊళ్లో మిగిలిన ఏ ఇల్లయినా కావచ్చు. ఖేడ్‌లో అలాంటి ఇళ్లకు కొదవ లేదు. ఇక్కణ్నుంచి హైదరాబాద్ నూరు కిలోమీటర్ల పైచిలుకు. చెరకు నరకడానికి సరిహద్దు దాటేవాళ్లు, కూలికో కొలువుకో పట్నం చేరేవాళ్లు, గల్ఫ్ విమానం ఎక్కేవాళ్లు... వలస ఈ ప్రాంతానికి పాత కథే. మారిందల్లా, వెళ్లినవాళ్లు ఇంటి సంగతులు తెలుసుకునే పద్ధతి. ఒకప్పుడు ఉత్తరం. తర్వాత ఎస్టీడీ బూత్. ఆ తర్వాత సెల్‌ఫోన్. ఇప్పుడు గోడకు తగిలించిన గుండ్రటి తెల్ల కెమెరా. రెండు వేల రూపాయలు పెడితే వస్తోంది. మెడ తిప్పుతుంది, చీకట్లో చూస్తుంది, మాట వింటుంది, మాట వినిపిస్తుంది.

దాన్ని పెట్టిన కొడుకును తప్పు పట్టగలమా? అమ్మకు బీపీ, షుగరు. ఏదో ఒకరోజు బాత్‌రూమ్ దగ్గర జారిపడితే పక్కింటివాళ్లు చూసేసరికి గంట దాటవచ్చు. ఆవిడ పొరుగూరు పెళ్లికి వెళ్తే తాళం వేసిన ఇంటి గురించి బెంగ. ఒకప్పుడు అమ్మ ఫోను ఎత్తకపోతే కిరాణాకొట్టు ఆయనకు, పాలాయనకు, మేనమామకు వరసగా ఫోన్లు చేయాల్సొచ్చేది. ఇప్పుడు వేలితో ఒక్క నొక్కు. హాల్లో ఫ్యాను తిరుగుతోంది, అమ్మ టీవీ చూస్తోంది. హమ్మయ్య!

ఆ మాటకొస్తే దూరం నుంచి మీట నొక్కడం ఖేడ్ జనానికి కొత్తేం కాదు. పొలాల్లో బోరు మోటార్లకు బిగించే మొబైల్ స్టార్టర్ చూడండి. పెట్టెలో ఓ సిమ్‌కార్డు ఉంటుంది. ఇంట్లో కూర్చుని దానికి ఫోను చేస్తే అక్కడ మోటారు తిరుగుతుంది. వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1న వచ్చింది. అంతకుముందు అర్ధరాత్రి త్రీఫేజ్ ఎప్పుడొస్తే అప్పుడు లేచి, టార్చిలైటు పట్టుకుని గట్ల మీద నడిచిన రైతుకు ఆ పెట్టె విలువ ఒకరు చెప్పాలా? ఆ స్టార్టర్ గురించి మాత్రం ఎవరికీ ఏ జంకూ లేదు. ఎందుకుంటుంది? మోటారు తిరుగుతోందా లేదా అన్నదే దాని లెక్క. ఇంట్లో ఎవరు ఎవరితో ఏం మాట్లాడుకున్నారో దానికి అక్కర్లేదు.

కెమెరా సంగతి వేరు. మళ్లీ ఆ ఇంటికే వద్దాం.

కెమెరా వచ్చిన రెండో వారానికల్లా పక్కింటావిడ హాల్లో కూర్చోవడం మానేసింది. ‘దాంట్లకెళ్లి నీ కొడుకు అన్నీ ఇంటడంట గదా!’ అంది గుమ్మం దగ్గరే నిలబడి. ఆనాటి నుంచి వాళ్ల కబుర్లు పెరట్లోకి, గిన్నెలు తోమే బండ దగ్గరికి మారాయి. అవేం దేశ రహస్యాలు కావు. మోకాళ్ల నొప్పులు, చిట్టీ డబ్బులు, చిన్న కోడలు పండక్కి రాలేదన్న దిగులు. కానీ అవి ఇద్దరాడవాళ్లు చెప్పుకునే మాటలు. కొడుకు వినాల్సినవి కావు. ఆ కొడుక్కి అవన్నీ వినే తీరిక నిజానికి లేకపోవచ్చు. అయినా ఆయన వినవచ్చు అన్న ఊహ చాలు, గొంతు తగ్గడానికి.

ఇంకో చిక్కుంది. ఇలాంటి కెమెరాలు ఎక్కడెక్కడి దేశాల ఇళ్లనో మనసులో పెట్టుకుని తయారవుతాయి. అక్కడ కూర్చునే గది వేరు, పడుకునే గది వేరు. మన చిన్న ఊళ్ల ఇళ్లలో హాలంటే అన్నీ. అక్కడే భోజనం, అక్కడే టీవీ, రాత్రయితే అక్కడే పక్కలు. స్నానం చేసి వచ్చి చీర కుచ్చిళ్లు సర్దుకునేదీ అక్కడే. ‘బెడ్‌రూమ్‌లో పెట్టలేదు కదా, హాల్లోనేగా’ అని కొడుకు అనుకుంటాడు. బెడ్‌రూమే అదైతే?

‘మా ఇంట్లో దాచుకోవడానికి ఏముంది?’ అని కొట్టిపారేసేవాళ్లూ ఉంటారు. దాచుకోవడం గురించి కాదు. కెమెరా కొన్నదీ, ఫోన్లో చూసేదీ ఒకరు. అందులో కనబడేది ఇంకొకరు. అమ్మ, పనిమనిషి, లెక్కలు చెప్పించుకోవడానికి వచ్చే పక్కింటి పిల్ల... వీళ్లలో ఎవరినైనా ఎవరైనా అడిగారా? భర్త గల్ఫ్‌లో, అత్తగారితో కలిసి ఉంటున్న కోడలి సంగతి ఆలోచిస్తే ఇది మరీ బరువైన ప్రశ్న. ఆ కెమెరా అత్తగారి బీపీ కోసమా, కోడలి మీద కాపలాకా? ‘ఇవాళ పసుపు చీర కట్టుకుని ఎక్కడికెళ్లావు?’ అన్న ప్రశ్న ఒక్కటి ఫోన్లో వినబడిందంటే, ఆ ఇంట్లో ఇక ఆ పిల్ల నడక కూడా ఆచితూచి నడవాల్సిందే. చూసేవాడు ప్రేమతో చూసినా, అనుమానంతో చూసినా గోడ మీద ఉండేది అదే కెమెరా.

ఇక బయటివాళ్ల చూపు. హాల్లో అమ్మ బొమ్మ నేరుగా కొడుకు ఫోన్లోకి దూకదు. చాలా వైఫై కెమెరాల్లో ముందు కంపెనీ సర్వర్‌ను దాటుకునే రావాలి. రికార్డు చేసింది కెమెరాలోని మెమరీ కార్డులో ఉండవచ్చు, లేదా నెలనెలా అద్దె కట్టే ఆన్‌లైన్ నిల్వలో ఉండవచ్చు. దానికి తాళం ఖాతా, పాస్‌వర్డ్. మరి ఆ తాళంచెవి ఎవరి దగ్గరుంది? చిన్న ఊళ్లలో తరచూ జరిగేది ఇదే: బిగించడానికి వచ్చిన కుర్రాడు పని త్వరగా తెమలాలని తన ఫోన్‌తోనే, తన నంబరుతోనే ఖాతా తెరుస్తాడు. తర్వాత ఇంటివాళ్ల ఫోనుకు ‘షేర్’ చేసి వెళ్తాడు. ఆ కుర్రాడు మంచివాడే కావచ్చు. కానీ లెక్క ప్రకారం ఆ కెమెరాకు యజమాని అతనే! ఆయన ఫోను అమ్మేసినా, పోగొట్టుకున్నా మీ హాలు దాంతోపాటు వెళ్తుంది.

పాస్‌వర్డ్ మార్చని నిర్లక్ష్యం ఎంతదాకా వెళ్తుందో ఇంటర్నెట్ ప్రపంచం 2016 అక్టోబరు 21న చూసింది. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్‌లతోనే వదిలేసిన లక్షల కెమెరాలు, రూటర్లను ‘మిరాయి’ అనే వైరస్‌తో లొంగదీసుకుని, వాటన్నిటినీ ఒక్కసారిగా ఓ కంపెనీ మీదికి తోలితే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి అమెరికాలో గంటలకొద్దీ మొరాయించాయి. అది యంత్రాల గొడవ. మనుషుల గొడవ 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో బయటపడింది. ఓ ప్రసూతి ఆసుపత్రి సీసీ కెమెరాల్లోని దృశ్యాలు, వైద్యపరీక్షల కోసం వచ్చిన మహిళలవి, యూట్యూబ్‌లోకీ టెలిగ్రామ్‌లో అమ్మకానికీ వచ్చేశాయి. ఆ కెమెరాలు పెట్టింది భద్రత కోసమే.

పెద్ద కంపెనీలదైతే భయం లేదా? అమెజాన్‌కు చెందిన ‘రింగ్’ కెమెరాల మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో ఫిర్యాదు చేసింది. కంపెనీ ఉద్యోగి ఒకరు మహిళా వినియోగదారుల పడకగదుల, స్నానాల గదుల వీడియోలు వేలల్లో చూశాడన్నది అందులో ఓ ఆరోపణ. 58 లక్షల డాలర్లు చెల్లించేందుకు కంపెనీ ఒప్పుకుంది. అదే ఏడాది, పిల్లల గొంతు రికార్డులను తుడిచేయకుండా అట్టేపెట్టుకున్నందుకు అలెక్సా విషయంలో మరో రెండున్నర కోట్ల డాలర్లు.

అలెక్సా అంటే గుర్తొచ్చింది. 2017లో మన దేశానికి వచ్చిన ఈ మాట్లాడే డబ్బా 2019లో హిందీ నేర్చుకుంది. 1956 దాకా బీదర్ జిల్లాలో ఉండి, తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ నాలుగూ ఒకే సంతలో వినిపించే ఖేడ్‌లో హిందీతో ఎవరికీ పేచీ ఉండదు. పేచీ దాని చెవితోనే. పేరు పెట్టి పిలిచేదాకా అది పట్టించుకోదన్నది నిబంధన. పిలవకపోయినా పిలిచినట్టు వినబడితే? 2018లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో సరిగ్గా అదే అయింది. దంపతులు ఇంట్లో మాట్లాడుకుంటున్న మాటలు రికార్డయి, భర్త దగ్గర పనిచేసే ఉద్యోగికి చేరిపోయాయి. వాళ్లు మాట్లాడుకున్నది చెక్క ఫ్లోరింగ్ గురించి కాబట్టి సరిపోయింది!

మరి చట్టం? ఆంతరంగిక జీవితం ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం ఏకగ్రీవంగా తేల్చింది. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధానమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. తప్పు చేసిన సంస్థకు జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. బావుంది. కానీ వ్యక్తులు సొంతానికి, ఇంటి అవసరాలకు వాడుకునే సమాచారానికి ఈ చట్టం వర్తించదని అందులోనే రాసుంది. అంటే కంపెనీకీ మీకూ మధ్య అది నిలబడుతుందేమో గానీ కొడుక్కీ తల్లికీ మధ్యకు రాదు. స్త్రీల ఏకాంతాన్ని దొంగచాటుగా చిత్రిస్తే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద మొదటిసారి నేరానికే ఏడాది నుంచి మూడేళ్ల జైలు. అది నేరస్థుల కోసం. అమ్మను ప్రేమగా చూసుకునే కొడుకు కోసం కాదు కదా.

ఈ విషయంలో ఒక్క తీర్పు మాత్రం మన ఇళ్లకు దగ్గరగా ఉంది. కోల్‌కతాలో ఒకే ఇంట్లో కాపురముంటున్న అన్నదమ్ముల్లో ఒకరు, రెండోవారి నివాస భాగం కనబడేలా కెమెరాలు పెట్టారు. ఇంట్లో విలువైన పాత వస్తువులున్నాయి, వాటి భద్రత కోసమన్నది వాదన. కలిసి ఉండేవాళ్ల అంగీకారం లేకుండా ఇంటి లోపల అలా కెమెరాలు నడపడం కుదరదని 2025 ఫిబ్రవరిలో కలకత్తా హైకోర్టు చెప్పింది. దాని మీద వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు మేలో కొట్టేసింది. అన్నదమ్ములు కాబట్టి కోర్టుకెక్కారు. కన్నతల్లి ఎక్కుతుందా? ఆవిడ మహా అయితే పెరట్లోకి వెళ్తుంది.

కాబట్టి కెమెరా పీకేయాలా? అక్కర్లేదు. దాన్ని హాల్లోంచి గుమ్మం దగ్గరికి, వాకిలి కనబడేలా మారిస్తే దొంగల భయం తీరుతుంది, అమ్మ చాపా చీకాకు లేకుండా ఉంటుంది. లోపలే ఉండాలంటే యాప్‌లో మైకు ఆపేయొచ్చు. చాలా కెమెరాల్లో ఫలానా వేళల్లో చూడకుండా నిద్రపుచ్చే ఏర్పాటు ఉంటుంది. జారిపడుతుందన్న భయానికైతే మెడలో వేసుకునే అత్యవసర మీట ఉంది. నొక్కితే నాలుగు ఫోన్లు మోగుతాయి, నొక్కనంతసేపూ నోరెత్తదు. ఖాతా మాత్రం ఇంటివాళ్ల నంబరు మీదే తెరిపించుకోవాలి. బిగించిన కుర్రాడి ఎదుటే పాస్‌వర్డ్ మార్చినా ఆయనేం నొచ్చుకోడు. కొనేటప్పుడు చూడాల్సిందీ ఒకటుంది: సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలను కేంద్రం 2025 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేసింది. సంతలో చవగ్గా దొరికే పేరులేని సరుక్కి ఆ ముద్ర ఉందో లేదో అడగండి. పాత ఫోను అమ్మే ముందు కెమెరా యాప్‌లోంచి బయటికి రావడం మరిచిపోవద్దు.

వీటన్నిటికన్నా ముందు అడగాల్సిన మాట ఒకటే. ‘అమ్మా, ఇది పెడితే నీకు సరేనా? ఎక్కడ పెట్టమంటవు?’ దానికి యాప్ అక్కర్లేదు.

ఖేడ్‌లోని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. పెద్దావిడ తనకు తోచిన ఉపాయం తను చూసుకుంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక, నడుం వాల్చే ముందు, స్టూలు మీదికెక్కకుండా కింద నుంచే చీపురుకట్టతో ఓ తుండుగుడ్డను కెమెరా మీదికి తోస్తుంది. మొదటిరోజు పట్నంలో ఫోన్లో బొమ్మ నల్లబడగానే కొడుకు కంగారుగా ఫోను చేశాడు.

‘ఏమైందమ్మా? ఏం కనిపిస్తలేదు!’

‘కరెంటు పోయింది బిడ్డా.’

కరెంటు పోతే ఆ యాప్‌లో బొమ్మ నల్లగా రాదు. ‘ఆఫ్‌లైన్’ అని రాసి వస్తుంది. ఆ సంగతి కొడుక్కి బాగా తెలుసు. ఓ క్షణం ఆగాడు.

‘సరే అమ్మా. పండుకో.’