ఎనిమిది కిలోల ఉపగ్రహం, వారానికో పీరియడ్



"ప్రాజెక్టులు ఎందుకు మేడమ్, ఆ టైములో ఇంకో టెస్టు పెట్టొచ్చు కదా?" అని పేరెంట్స్ మీటింగుల్లో చాలామంది అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. ఫీజు కట్టేది మీరు. దీనికి జవాబుగా ఒక చిన్న ఉపగ్రహం సంగతి చెబుతాను.

2022 ఫిబ్రవరి 14న మన శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ52 రాకెట్ ఇన్‌స్పైర్‌శాట్-1ను తీసుకెళ్లింది. దాని బరువు 8.1 కిలోలే. తిరువనంతపురంలోని ఐఐఎస్‌టీ విద్యార్థులు, అధ్యాపకులు అమెరికా, సింగపూర్, తైవాన్ యూనివర్సిటీలతో కలిసి దాన్ని తయారుచేశారు. అందులో ఒక పరికరం సూర్యుడి నుంచి వచ్చే ఎక్స్‌రేలను కొలిచేది. ఇంకొకటి మన పైనున్న అయనోస్ఫియర్‌ను గమనించేది. ఫోన్‌లో దారి చూపే జీపీఎస్ సిగ్నల్ ఆ పొర గుండానే కిందికి వస్తుంది.

ఈ కొలతలు ఎందుకంటే, సూర్యుడు ఎప్పుడూ ఒకేలా ఉండడు. 1989 మార్చిలో సౌర తుపాను వల్ల కెనడాలోని క్యూబెక్‌లో సుమారు 9 గంటలు కరెంటు పోయింది. 2022 ఫిబ్రవరి 3న పంపిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో 40 దాకా అలాంటి తుపానుకే పోయాయి. 2023 సెప్టెంబరు 2న ఇస్రో ఆదిత్య-ఎల్1ను పంపింది కూడా సూర్యుణ్ని నిరంతరం కనిపెట్టి చూడటానికే.

ఐఐఎస్‌టీలో బీటెక్ సీటుకు జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు కావాలి. కాబట్టి ర్యాంకు వద్దని నేను అనను. కానీ ర్యాంకు గేటు వరకే తీసుకెళ్తుంది. లోపల కావలసింది కొలవడం, రాసుకోవడం, లెక్క తప్పితే మళ్లీ చూడటం. నాలుగు ఆప్షన్లలో ఒకటి టిక్ పెట్టడంతో అవి రావు.

అందుకే ఒక ప్రతిపాదన. 8, 9 తరగతులకు వారానికి ఒక్క పీరియడ్ వదలండి. ఖర్చేమీ లేదు. గ్రౌండులో ఒక కర్ర నిలబెట్టి, మధ్యాహ్నం నీడను పిల్లలే కొలిచి నోట్సులో రాసుకుంటారు. సూర్యుణ్ని నేరుగా చూసే పనే ఉండదు. మన మైదుకూరులో ఏటా ఆగస్టు 12 ప్రాంతంలో ఆ కర్రకు నీడే పడదు. ఎందుకో పిల్లలే తేల్చుకోవాలి.

మన ఊళ్లో ఎండకు కొదవ లేదు. దాన్ని కొలిచే పిల్లలే కావాలి. వచ్చే మీటింగులో మార్కులతో పాటు ఆ నోట్సు కూడా అడిగి చూడండి.